తిట్లు తింటేనే కోడ్ వస్తుందా?

కాజీపేటలోనో హనుమకొండలోనో ఇంజనీరింగ్ పిల్లలు నలుగురు కూడిన చోట ఓపెన్ సోర్స్ ముచ్చట వస్తే, సీనియర్ ఒకరు తప్పకుండా ఈ మాట అంటారు: "అక్కడ మర్యాదలూ మన్ననలూ ఉండవు తమ్మీ. కోడ్ మంచిగుంటే తీసుకుంటరు, లేకుంటే మొహం మీద కొడతరు. పడ్డోడే నేర్చుకుంటడు." ఆ వెంటనే లినస్ టోర్వాల్డ్స్ పేరు వస్తుంది. లినక్స్ కెర్నల్‌ను పుట్టించి మూడు దశాబ్దాలకు పైగా నడిపిస్తున్న మనిషి. తప్పు చేసినవాణ్ణి పదిమందిలో ఉతికి ఆరేసిన మనిషి. ఆయన అంత కటువుగా ఉండబట్టే ప్రపంచంలోని సర్వర్లూ మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లూ ఆ కెర్నల్ మీద నడుస్తున్నాయని తీర్పు చెప్పేస్తారు. జూనియర్ తల ఊపుతాడు. రెండేళ్లు తిరిగేసరికి అదే మాట తన జూనియర్‌కు చెబుతాడు.

ఈ వాదన తెలివితక్కువవాళ్లదైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ చెప్పేవాళ్లు చురుకైనవాళ్లు, నిజంగా కోడ్ రాయగలిగినవాళ్లు, జూనియర్లు ఎవరి వెనక నడుస్తారో వాళ్లు. 1959లో దేశంలోనే మొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు మన వరంగల్. అరవై ఏళ్లుగా ఇక్కడ చదివినవాళ్లు ప్రపంచమంతటా పనిచేస్తున్నారు. అలాంటి ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని గురించి ఒక తప్పుడు నమ్మకం పాతుకుపోతే, దాని నష్టం ఊరి పొలిమేరల దగ్గర ఆగదు.

వాళ్లు గర్వంగా చూపించే ఉదాహరణనే ముందు పరీక్షిద్దాం. 2012 డిసెంబర్‌లో ఒక కెర్నల్ మార్పు వల్ల కొన్ని ఆడియో ప్రోగ్రాములు చెడిపోయాయి. కెర్నల్‌లో మీడియా విభాగం చూసే మౌరో కార్వాల్యో చెహాబ్, లోపం ఆ ప్రోగ్రాముల్లోనే ఉందన్న ధోరణిలో జవాబు రాశారు. టోర్వాల్డ్స్ మండిపడ్డారు. పెద్దక్షరాల్లో, బూతు కలిపి, నోరు మూసుకోమని అందరూ చదివే ఈమెయిల్లో రాశారు. ఓపెన్ సోర్స్ లోకంలో ఆ జవాబును నేటికీ పురాణకథలా చెప్పుకుంటారు.

ఆ జవాబులోంచి తిట్లన్నీ తీసేయండి. మిగిలేది ఒక్క నియమం: అప్పటిదాకా పనిచేస్తున్న ప్రోగ్రామ్ కెర్నల్ మార్పు వల్ల చెడితే, తప్పు కెర్నల్‌దే. బంగారం లాంటి నియమం. పదేళ్ల కింద తయారైన ప్రోగ్రామ్ ఇవాళ్టి లినక్స్ మీద కూడా నడుస్తోందంటే దాని చలవే. ఇంతకీ ఆ నియమాన్ని నిలబెట్టింది ఏది? బూతు మాటా? ఆ మార్పును కెర్నల్‌లో ఉంచాలా తీసేయాలా అన్న ఆఖరి మాట టోర్వాల్డ్స్‌ది. "ఇది తీసుకోను, కారణం ఇదీ" అని రెండు వాక్యాలు రాసినా ఫలితం అదే. తలుపు తాళంచెవి చేతిలో ఉన్నవాడు తలుపును తన్నాల్సిన పనేముంది? గట్టిదనమంతా ఆ కాదనే హక్కులో ఉంది. మనవాళ్లు దాన్ని గొంతులో వెతుకుతున్నారు.

ఈ కథను ఇష్టంగా చెప్పేవాళ్లు దాని రెండో భాగాన్ని మాత్రం చెప్పరు. 2018 సెప్టెంబర్ 16న, కెర్నల్ 4.19 తయారవుతున్న సమయంలో, ఆ టోర్వాల్డ్సే క్షమాపణ చెప్పుకున్నారు. తన ఈమెయిళ్లలోని దురుసుతనం వృత్తికి తగినది కాదని, దానివల్ల కొందరు నొచ్చుకున్నారని, కొందరు పనే మానుకున్నారేమోనని రాసి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. అదే సమయంలో కెర్నల్‌కు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఇక చూడండి గోల! లినక్స్ పనైపోయిందన్నారు, ప్రతిభ స్థానంలో రాజకీయం వచ్చి కూర్చుందన్నారు, పాత డెవలపర్లు తాము రాసిన కోడ్‌కు అనుమతి వెనక్కి తీసుకుంటారని కూడా కొందరు బెదిరించారు. జరిగిందేమిటి? గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పగ్గాలు పట్టారు, అక్టోబర్ 22న 4.19 విడుదలైంది, టోర్వాల్డ్స్ తిరిగొచ్చి తన పని తాను చేసుకున్నారు. ఆ తర్వాతే 2022 చివర్లో రస్ట్ భాష కెర్నల్‌లోకి అడుగుపెట్టింది. ఏళ్ల తరబడి బయటే ఉండిపోయిన రియల్‌టైమ్ పని 2024లో ప్రధాన కెర్నల్‌లో కలిసింది. తిట్లు తగ్గాక కెర్నల్ చెడిపోయిందని చూపించడానికి ఒక్క విడుదలను కూడా ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

టోర్వాల్డ్స్ పూర్తిగా మారిపోయారని కూడా నేననను. 2025 ఆగస్టులో ఆలస్యంగా వచ్చిన, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల కోసం రాసిన కోడ్‌ను చెత్త అని అందరి ముందే తోసిపుచ్చారు. పాత అలవాట్లు అంత తేలిగ్గా వదలవు. అయితే తన అలవాటు తప్పని ఆయనే ఒప్పుకున్న ఏడేళ్ల తర్వాత కూడా, ఆ అలవాటే ఆయన గొప్పతనమని మనవాళ్లు వాదిస్తున్నారు. రాజు కంటే ఎక్కువ రాజభక్తి అంటే ఇదే.

ఇక "పడ్డోడే నేర్చుకుంటడు" అన్న సిద్ధాంతం. పడినవాళ్లలో లేచినవాళ్లే ఈ మాట చెప్పడానికి మిగులుతారు. లేవనివాళ్లు ఎక్కడున్నారో, ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. సేజ్ షార్ప్ పేరు మన కాలేజీల్లో ఎందరికి తెలుసు? 2009లో అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల కంటే ముందు లినక్స్‌కే యూఎస్‌బీ 3.0 అందిందంటే ఆ డ్రైవర్ రాసింది షార్ప్. 2013లో కెర్నల్ ఈమెయిళ్లలో దుర్భాషలు ఆపమని టోర్వాల్డ్స్‌ను అందరి ముందూ నిలదీసిందీ షార్ప్. 2015లో, ఈ వాతావరణంలో ఇక పనిచేయలేనని రాసి వెళ్లిపోయారు. ఆ మనిషికి కోడ్ రాదంటారా? తట్టుకోలేని బలహీనత అంటారా? వెళ్లిపోయినందువల్ల నష్టపోయింది షార్ప్ కాదు, కెర్నల్.

ఇది ఒక్కరి కథ కాదు. 2017లో గిట్‌హబ్ 5,500 మందిని అడిగి ఓపెన్ సోర్స్ మీద ఒక సర్వే చేసింది. ఏదో ఒక రకం చెడు ప్రవర్తనను కళ్లారా చూసినవాళ్లు 50 శాతం, స్వయంగా అనుభవించినవాళ్లు 18 శాతం. అలా చూసినవాళ్లలో, అనుభవించినవాళ్లలో 21 శాతం మంది ఆ ప్రాజెక్టుకు పనిచేయడమే మానేశారు. అంటే ఒకణ్ణి తిడితే ఒకడే పోడు, పక్కన నిలబడి చూసినవాళ్లలోనూ కొందరు చడీచప్పుడు లేకుండా జారుకుంటారు. అదే సర్వేలో ఆడవాళ్లు 3 శాతమే తేలారు. మన కాలేజీల కంప్యూటర్ సైన్స్ సెక్షన్లలో ఎందరు ఆడపిల్లలు కూర్చుంటారో చూసినవాళ్లు ఆ 3 దగ్గర కాసేపు ఆగాలి. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. అందరి ముందు పరువు తీసే అలవాటు వాటిలో ఒకటి కాదని మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు.

"బెరుకు పోవాలంటే కాస్త గట్టిగానే ఉండాలె" అన్న సమర్థన మనకు కొత్తది కాదు. ర్యాగింగ్‌ను ఇదే మాటతో వెనకేసుకొచ్చారు. సీనియర్లు నాలుగు మాటలంటే జూనియర్ గట్టిపడతాడని, స్నేహం కుదురుతుందని, మేమూ పడ్డామని చెప్పుకొచ్చారు. చివరికి 1997లో ఉమ్మడి రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. హాస్టల్ గదిలో నేరమని అందరం ఒప్పుకున్న ధోరణి, కోడ్ రివ్యూలోకి వచ్చేసరికి శిక్షణ ఎలా అయిందో ఎవరైనా చెప్పాలి.

మన దగ్గర ఇంకొందరు ఈ వాదనకు సాహిత్య చరిత్రను కూడా అడ్డం తెస్తారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు అనబట్టే కదా, సురవరం ప్రతాపరెడ్డికి పౌరుషం వచ్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు, అవమానమే పని చేయించింది కదా అంటారు. వినడానికి బాగుంది. కానీ ఆ సంచికలోని 354 మంది కవులను ఆ అవమానం పుట్టించలేదు. వాళ్లు అప్పటికే ఉన్నారు, తమ తమ ఊళ్లలో రాసుకుంటూనే ఉన్నారు. ప్రతాపరెడ్డి చేసింది వాళ్లను వెతకడం, ఊరూరి నుంచి వివరాలూ పద్యాలూ రప్పించడం, పేరున్నవాడినీ లేనివాడినీ ఒక్క పుస్తకంలో పక్కపక్కన నిలబెట్టడం. ఇవాళ్టి ఓపెన్ సోర్స్ మాటల్లో చెప్పాలంటే, పదిమంది పంపిన పనిని చూసి చేర్చే మంచి మెయింటైనర్ ఆయన. అంతమంది పద్యాలు చేతికొచ్చినప్పుడు వాటిలో కొన్నయినా పేలవంగా ఉండకపోవు. పంపినవాళ్లను పేరు పెట్టి వెక్కిరిస్తూ కూర్చుంటే సంచిక వచ్చేదా?

"కోడే మాట్లాడుతుంది, మనుషుల మాటలతో పనేముంది" అన్నది ఇంకో పాట. దీనికి కెర్నల్‌లోనే ఈమధ్య జరిగిన జవాబుంది. బీక్యాషెఫ్ఎస్ అని ఒక ఫైల్ సిస్టమ్. కెంట్ ఓవర్‌స్ట్రీట్ ఏళ్ల తరబడి కష్టపడి రాశారు. 2024 జనవరిలో కెర్నల్ 6.7తో విడుదలైంది. సాంకేతికంగా అది తక్కువదని అనేవాళ్లు తక్కువ. కానీ తోటి డెవలపర్‌తో మాట్లాడిన తీరు మీద ఆ ఏడాది నవంబర్‌లో ప్రవర్తనా కమిటీ చర్య తీసుకుంది. విడుదల గడువుల మీద, నియమాల మీద టోర్వాల్డ్స్‌తో తగాదాలు సాగుతూనే వచ్చాయి. 2025లో 6.18కి వచ్చేసరికి ఆ కోడ్‌ను కెర్నల్‌లోంచి తీసేశారు. ఎవరిది ఎంత తప్పన్న పంచాయితీ ఇక్కడ పెట్టను. కోడ్ మాట్లాడగలిగేదే అయితే ఆ కోడ్ తన తరఫున తాను మాట్లాడుకుని అక్కడే ఉండేది. కోడ్‌ను ఒకరు రాస్తే ఇంకొకరు చదవాలి, మరొకరు పదేళ్లు కాపాడాలి. ఆ ముగ్గురి మధ్యా నడిచేది మాటే.

మన పిల్లలు మొదటి ఏడాదిలోనే నేర్చుకునే పైథాన్ సంగతి కూడా ఇలాంటిదే. దాన్ని సృష్టించిన గీడో వాన్ రాసమ్ 2018 జూలైలో నాయకత్వం వదిలేశారు. దేని మీద? ఒక్క కొత్త ఆపరేటర్ మీద, కోలన్ పక్కన ఈక్వల్ గుర్తు. దాన్ని భాషలో చేర్చాలా వద్దా అని నెలల తరబడి సాగిన రచ్చలో విసిగిపోయి, ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడి, చివరికి ఇంతమంది చీదరింపు మూటగట్టుకోవడం ఇక తన వల్ల కాదని చెప్పి తప్పుకున్నారు. ఆ ఆపరేటర్ పైథాన్ 3.8లో వచ్చింది. దాన్ని తెచ్చిన మనిషి మాత్రం అప్పటికే కుర్చీ దిగిపోయారు.

ఇవన్నీ మనసు నొచ్చుకున్న కథలేనని కొట్టిపారేసేవాళ్లుంటారు. వాళ్ల కోసం ఎక్స్‌జెడ్ ఉదంతాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే చిన్న సాధనం. లినక్స్ సర్వర్లలో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కాలిన్ అనే ఒక్కడే, జీతం భత్యం లేకుండా, తీరిక వేళల్లో చూసుకునేవాడు. 2022లో కొన్ని పేర్లు ఆయన మీద పడ్డాయి. మార్పులు ఎందుకు చేర్చడం లేదు, ప్రాజెక్టును ఎందుకు చంపుతున్నావు, చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పు అని పదే పదే పొడిచాయి. వాటిలో ఒక పేరు జిగర్ కుమార్. భారతీయుడి పేరులా వినిపిస్తుంది, కానీ ఆ పేరు వెనక నిజంగా ఒక మనిషి ఉన్నట్టు ఇంతవరకు తేలలేదు. తనకు మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది జీతం లేని పని అని గుర్తుపెట్టుకోమని కాలిన్ చెప్పుకున్నాడు. అయినా పొడవడం ఆగలేదు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఇంకొకరు వినయంగా, ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చారు. అలసిపోయిన కాలిన్ ఆయన చేతికి అధికారాలు ఇచ్చాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ వినయవంతుడు దొంగదారి పెట్టాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి, తవ్వుకుంటూ పోయి, మార్చి 29న లోకానికి చెప్పకపోతే ప్రపంచంలో ఎన్ని సర్వర్ల తాళాలు ఎవరి చేతిలో ఉండేవో!

అయితే దొంగ మర్యాదగానే మాట్లాడాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పైపై మర్యాదతో పని లేదని నేనూ అంటున్నాను. కానీ దొంగ వినయం పనిచేయాలంటే ముందు ఇంకెవరో ఆ మనిషిని సతాయించి అలసిపోయేలా చేయాలి. సతాయించడమన్నది అక్కడ మామూలు విషయం కాబట్టే ఆ పొడుపులను ఎవరూ అనుమానించలేదు, ఎవరూ అడ్డుపడి "ఆయన్ని వదిలేయండయ్యా" అనలేదు. ఉచితంగా పనిచేసేవాణ్ణి గద్దించడం నేరంగా కనిపించే చోట జిగర్ కుమార్ మొదటి రోజే పట్టుబడేవాడు. ఇకనైనా దురుసుతనాన్ని నాణ్యతకు కాపలాదారు అనకండి. ఎక్స్‌జెడ్ దగ్గర దొంగకు తలుపు తీసింది ఆ దురుసుతనమే.

ఇంతవరకూ పెద్దవాళ్ల సంగతి. ఇప్పుడు మన వంతు. ఈ విషయంలో మన పిల్లలు కేవలం బాధితులని నేను రాయలేను.

2020 అక్టోబర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? డిజిటల్ ఓషన్ అనే కంపెనీ ఏటా నడిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో మన మార్పులు చేర్చుకోమని ప్రాజెక్టులకు నాలుగు పుల్ రిక్వెస్ట్‌లు పంపితే టీషర్ట్. మన దేశపు యూట్యూబ్ పాఠం ఒకటి, పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో ఒక మాట చేర్చి చూపించింది. అంతే, వేలమంది అదే తరహా మాట పట్టుకుని కనిపించిన ప్రాజెక్టు మీదల్లా పడ్డారు. నెల మొదటి వారంలోనే నిర్వాహకులు నియమం మార్చి, చేరతామని చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ వంతు. ఎన్నో వెబ్‌సైట్లకు ఆధారమైన ఆ ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్లో తమ పేర్లు చేర్చుతూ మన కుర్రాళ్లు వరుసగా పుల్ రిక్వెస్ట్‌లు పంపారు. మళ్లీ ఒక వీడియో పాఠమే మూలం. పాఠం చెప్పినవారు ఉదాహరణకు చూపిన రెపోనే అందరూ ప్రాక్టీసు మైదానం చేసుకున్నారు. జవాబుగా ఇండియన్లంతా ఇంతేనంటూ జాతి పేరుతో తిట్లు వచ్చాయి. ఆ తిట్లు నీచమైనవి, అందులో సందేహం లేదు. కానీ వాటిని చూపించి మన తప్పును దాచుకోలేం. జీతం లేకుండా పనిచేసే ఒక మనిషి పొద్దున లేచి, అపరిచితుల పేర్లు చేర్చిన వందల అర్జీలను ఒక్కొక్కటిగా మూసేయాల్సి రావడం కూడా అవమానమే. తిట్టు వాడకుండా చేసిన అవమానం.

మనవాళ్లకు ఇది అవమానంలా ఎందుకు తోచదో నాకు తెలుసు. మర్యాద అంటే సంబోధనలో ఉంటుందని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఏ ప్రాజెక్టులోనైనా కొత్తవాళ్ల కోసం అట్టిపెట్టిన ఒక ఇష్యూ కింద చూడండి. "రెస్పెక్టెడ్ సర్, ప్లీజ్ అసైన్ దిస్ ఇష్యూ టు మీ." దాని కింద ఇంకొకరు "సర్, నాకివ్వండి." దాని కింద మరో పదిమంది. చాలా ప్రాజెక్టుల్లో ఇష్యూలు ఎవరికీ పంచిపెట్టరని, పని మొదలుపెట్టి పంపితే చాలని, చేరేవాళ్ల కోసం రాసిన ఫైల్లోనే ఉంటుంది. అది చదివినవాళ్లు ఆ వరుసలో ఉండరు. ఇన్ని సర్‌ల మధ్య ఆ మెయింటైనర్‌కు దక్కిన గౌరవం ఎంత? అక్కడికే ఇంకొకరు వచ్చి ఇలా రాస్తే: "ఈ లోపం నా యంత్రంలో కూడా వచ్చింది. పేరులో తెలుగు అక్షరాలుంటే ఫైల్ తెరుచుకోవడం లేదు, ఇంగ్లిష్‌లో ఉంటే తెరుచుకుంటోంది. పేరును బైట్లుగా కోసే చోట అనుమానంగా ఉంది, రేపటికి ప్యాచ్ పంపిస్తాను." ఇందులో సర్ లేదు, ప్లీజ్ కూడా లేదు. కానీ ఇది రాసినవాడు ఎదుటి మనిషి గంట సమయం మిగిల్చాడు. ఓపెన్ సోర్స్‌లో గౌరవమంటే నా లెక్కలో ఆ గంటే.

రివ్యూ చేసే సీనియర్‌కూ ఇదే కొలబద్ద. "ఇది కూడా తెలియకుండా ఎందుకు పంపావు" అని రాస్తే జూనియర్‌కు ఏం తెలుస్తుంది? తను తక్కువవాడని తెలుస్తుంది, కోడ్‌లో తప్పెక్కడో తెలియదు. "పేరు ఖాళీగా వస్తే ఈ ఫంక్షన్ ఆగిపోతుంది, ఆ సందర్భానికి ఒక టెస్ట్ రాసి మళ్లీ పంపు" అంటే పని ముందుకు సాగుతుంది. రెండో వాక్యం మెత్తగా ఉందనుకుంటే పొరపాటు. అందులో పొగడ్త లేదు, ప్యాచ్‌ను తీసుకోలేదు కూడా. మొదటిదాని కంటే రెండోదే కఠినం, ఎందుకంటే అది రాయాలంటే రివ్యూ చేసేవాడు ఎదుటివాడి కోడ్‌ను నిజంగా చదవాలి. తిట్టడానికి చదవనక్కర్లేదు. తిట్టడం ఇంత వ్యాపించడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

అమర్యాద ఎప్పుడూ అరుపు రూపంలోనే రాదు. పుల్ రిక్వెస్ట్ పంపిన మనిషికి ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండడం అమర్యాదే. మన దగ్గర దాన్ని మొహమాటం అంటాం, కాదని చెబితే బాధపడతారని. అవతలి కుర్రాడు రోజూ గిట్‌హబ్ తెరిచి చూసుకుంటూ ఉంటాడు. కారణం చెప్పకపోవడం కూడా అంతే. 2024 అక్టోబర్‌లో కెర్నల్ మెయింటైనర్ల జాబితాలోంచి రష్యాకు చెందిన కొందరి పేర్లు తీసేసినప్పుడు, రకరకాల నిబంధనల రీత్యా అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆంక్షల చట్టాలు అసలు కారణమని తర్వాత బయటికొచ్చింది. చట్టానికి లోబడక తప్పదు. కానీ ఏళ్లుగా పనిచేసినవాళ్లకు ఒక పేరా రాయడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? ప్రవర్తనా నియమావళి గోడ మీద వేలాడదీసినంత మాత్రాన అంతా బాగైపోదని నియమావళిని వ్యతిరేకించేవాళ్లు అన్నప్పుడు, ఆ ఒక్క మాట దగ్గర నేను వాళ్లతో ఉంటాను. అదేదో 2018లో పుట్టిన ఫ్యాషన్ అన్నప్పుడు మాత్రం కాదు. లినక్స్ పంపిణీల్లో ఉబుంటుకు పుట్టిన కొత్తలోనే నియమావళి ఉంది. డెబియన్ 2014లో ఓటు వేసి మరీ తెచ్చుకుంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ బృందం తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది ఆ డెబియన్ ఆధారంగానే.

తెలుగు పని మాటకొస్తే, పెద్ద ప్రాజెక్టుల తర్కం ఇక్కడ అసలు చెల్లదు. లినక్స్‌కు వేలమంది రాస్తారు. ఒకరు అలిగి పోతే కెర్నల్ ఆగదు. తెలుగు ఫాంట్లు, లేఖిని లాంటి టైపింగ్ సాధనాలు, ప్రోగ్రాముల తెలుగు అనువాదాలు, అక్షరదోషాలు పట్టే పనిముట్లు, ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టగల మనుషుల శ్రమ మీద నిలబడి ఉన్నాయి. మన జిల్లా పక్క బమ్మెర కవి పేరు పెట్టిన పోతన2000 ఫాంట్‌ను తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇవాళ్టికీ డెబియన్‌లో అది దొరుకుతుంది. అలాంటి మనిషిని నలుగురు చేరి, ఒత్తు కింద వచ్చిందనో పొల్లు వంకరగా ఉందనో వెటకారం చేసి పంపేస్తే, ఆ స్థానంలోకి వచ్చేవాళ్లు వరుస కట్టి లేరు. 2003 డిసెంబర్ నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో, కొత్తగా వచ్చినవాళ్లు తప్పులు చేసినా వాళ్ల మీద విరుచుకుపడకూడదన్నది రాసుకున్న మార్గదర్శకం. అది ఎవరో దయతో రాసింది కాదు. మనుషులు తక్కువైన చోట అది బతుకుతెరువు. అచ్చ తెలుగా వాడుక మాటా, కోస్తా మాటా తెలంగాణ మాటా అన్న తగాదాలు తెలుగు అనువాద ప్రాజెక్టుల్లో రాక తప్పవు, రావాలి కూడా. "ఇదేం తెలుగు" అన్న ఒక్క ఈసడింపుతో ఆ తగాదాను ముగించినచోట మాత్రం తర్వాతి అనువాదం ఎవరూ చేయరు. ఆ ఈసడింపు రుచి ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

కాబట్టి వరంగల్ కాలేజీల్లో కోడింగ్ క్లబ్బులు నడిపే సీనియర్లకు నేరుగా చెబుతున్నాను. జూనియర్లకు గట్టి చర్మం పెంచుకోమని చెప్పడం ఆపండి. ఈ అక్టోబర్‌లో వాళ్లతో పుల్ రిక్వెస్ట్‌లు పంపించే ముందు, ఆ ప్రాజెక్టులో చేరేవాళ్ల కోసం రాసిన ఫైల్‌ను కూర్చోబెట్టి చదివించండి. ప్రాక్టీసుకు ఊరి జనమంతా వాడుకునే రెపో వద్దు, క్లబ్బు పేరుతో సొంతంగా ఒకటి తెరవండి. మీ దగ్గరికి వచ్చిన ప్యాచ్‌ను వారంలోపు చూడండి. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో ఆ లైన్ నంబరుతో సహా రాయండి. చూడడానికి తీరిక లేకపోతే తీరిక లేదని ఒక్క వాక్యం రాసి మూసేయండి.